ఎడమ పక్క బరువు

కుడి పక్క నాలుగు వేళ్ళు, ఎడమ పక్క రెండే. వెనక చక్రానికీ దానిమీద వంగిన రేకు అంచుకీ మధ్య నా చెయ్యి దూర్చి నేనే కొలిచాను, ఒక్క రోజు కాదు, వరసగా పదకొండు రోజులు, ఆయన స్నానానికి వెళ్ళి గడియ వేసుకున్న చప్పుడు విన్నాక. ముప్పై ఏళ్ళుగా బ్యాండేజీ గుడ్డ కొలుస్తున్న చెయ్యి ఇది, దీన్ని ఎవరూ మోసం చెయ్యలేరు. ఖాళీగా నిలబెట్టిన జీపు ఒక పక్కకు ఎందుకు ఒరుగుతుంది? అదే మాట మా ఆయన్ని అడిగితే, పద్దెనిమిదేళ్ళ బండి శివకామీ, మనలాగే దానికీ నడుం పోయింది, వదిలెయ్ అన్నాడు. ఆ వదిలెయ్ అన్న మాట దగ్గరే నాకు అనుమానం ముదిరింది. చెప్పు తెగితే మూడుసార్లు కుట్టించి తొడుక్కునే మనిషి, గొడుగు ఊచ విరిగితే రాజపాళయమంతా తిరిగి బాగుచేయించుకొచ్చే మనిషి, జీపును మాత్రం వదిలెయ్యమంటాడా? అందుకే ఇవాళ పొద్దున నేనే అరుళ్‌ని ఇంటికి పిలిపించి, తాళం చేతిలో పెట్టి, పక్కన కూర్చుని ఈ షెడ్డుకు తోలించుకొచ్చాను. ఆయనకు మాత్రం, జీపు షెడ్డులో అప్పజెప్పి అట్నించి అటే కొట్టుకు పోతానని చెప్పాను. పోలేదు. తెన్కాశి రోడ్డు పక్కన ఈ రేకుల షెడ్డులో, ఒక కాలు కురచైన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. పదకొండు దాటింది. ఇంకో గంటలో ఆ ఎడమ పక్క సీటు ఎవరిదో తేలిపోవాలి.

జీపు వెనక భాగం ఇనప దిమ్మల మీద లేచి ఉంది, చక్రాలు రెండూ ఊడదీసి గోడకు ఆనించారు. అరుళ్ కిందికి దూరి మరలు విప్పి, ఎడమ పక్క స్ప్రింగు పట్టాల కట్టను దించి, ఈడ్చుకొచ్చి నా కాళ్ళ ముందు పడేశాడు. ఒకదాని కింద ఒకటి, పెద్దది, దానికంటే చిన్నది, ఇంకా చిన్నది. నడిమి బోల్టు తియ్యగానే మూడో పట్టా రెండు ముక్కలై జారింది. విరిగిన చోట సగం తుప్పు, సగం తెల్లగా మెరుపు. తుప్పు పట్టింది పాత పగులంట, మెరిసేది మొన్నమొన్న విరిగిందంట. కుడి పక్క కట్ట కూడా తీసి చూపించాడు, అది ముసలిదే గానీ ఒళ్ళు కుదురుగా ఉంది. ఎడమ షాక్ అబ్జార్బర్ నూనె కక్కి మసి పట్టింది, కుడిది పొడిగా ఉంది. పట్టా చివర్ల ఉండే బుష్ రబ్బర్లు కూడా అంతే, ఎడమవి నలిగి పొడి రాలుతున్నాయి. అరుళ్ నలభై ఏళ్ళవాడు, వాళ్ళ నాన్న కన్నుసామి కాలం నుంచీ మా బండికి వీళ్ళే వైద్యం. ఎక్కువ మాట్లాడడు. ఎందుకు ఇలా అని నేను గుచ్చిగుచ్చి అడిగితే చేతులు పాత గుడ్డకు తుడుచుకుంటూ చెప్పాడు.

"ఒక దినంలో విరిగింది కాదక్కా ఇది. వెనక సీట్లో ఎడమ పక్క ఎవరో దినామూ కూర్చోని పోతా ఉండారు. రోడ్డు వంపు కూడా ఒక కారణమే. అయితే సీటు స్పంజిని రోడ్డు నొక్కదు కదా."

లేచి వెళ్ళి సీటు చూశాను. నిజమే. ఎడమ మూల గుంట పడింది, చెయ్యి పెడితే లోపలికి దిగింది. కుడి మూల కొన్న రోజు ఎలా ఉందో అలాగే గట్టిగా ఉంది. ఆయన తోలుతాడు, నేనెప్పుడు ఎక్కినా ముందు సీట్లో ఆయన పక్కనే కూర్చుంటాను, మా రక్షిత కోయంబత్తూరులో ఉద్యోగానికి పోయి మూడేళ్ళయింది. మరి వెనక కూర్చునేది ఎవరు? ఆ గుంటను అరచేత్తో మళ్ళీ నొక్కి చూశాను. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అరుళ్ వెనకనుంచి, కొత్త పట్టాలు వేసి, ఒక పట్టా ఎక్కువ చేర్చి, గ్యాసు షాకులు పెడతాననీ, అయితే చివరి బిగింపు మాత్రం చక్రాలు నేలకు ఆనాక బండిలో రోజూ ఎక్కే మనుషులు ఎక్కి కూర్చుంటేనే చేస్తాననీ చెప్తున్నాడు. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలి తిరిగి ఆరు నెలలకే పోతుందంట, వాళ్ళ నాన్న నేర్పిన పద్ధతంట, అన్నాచ్చి అని వీళ్ళు పిలిచే మా ఆయన బరువూ, నా బరువూ చూసుకుని బిగించేవాడంట. ఆ మాట వినగానే నాకు దారి దొరికింది. ఫోన్ చెయ్యి అన్నాను. ఆయనకు ఫోన్ చేసి, రోజూ బండిలో ఎవరెవరు ఎక్కుతారో వాళ్ళందర్నీ వెంటబెట్టుకుని రమ్మను, నేను ఇక్కడున్నానని మాత్రం చెప్పకు. అరుళ్ ఒకసారి నా ముఖం చూసి ఫోన్ చేశాడు. సరే, ఒక గంటలో వస్తామన్నాడంట. వస్తాను కాదు, వస్తాము.

ఆ వస్తామునే నములుతూ కూర్చున్నాను. టౌన్ బస్సు ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది, దాని వెనక నూలు కోన్‌ల బస్తాలతో ఒక టెంపో. నాకు మొదట చెప్పింది వెళ్ళత్తాయి. మా కొట్లో బ్యాండేజీలు చుట్టే మనిషి, ఇరవై ఏళ్ళుగా నా ఎదురుగా కూర్చుని చుడుతోంది, దాని కళ్ళు చుట్ట మీద ఉంటాయి గానీ చెవులు వీధిలో ఉంటాయి. ఒక రోజు తల ఎత్తకుండానే, చోళపురం రోడ్డులో మన జీపు చూశానమ్మా, వెనక సీట్లో ఎవరో ఉన్నారు, అద్దం ఎక్కించి ఉంది అంది. ఆడమనిషా మొగమనిషా అని అడగడానికి నాకు నోరు రాలేదు. అడిగితే మధ్యాహ్నానికల్లా చుట్టుపక్కల కొట్లన్నిటికీ తెలిసిపోతుంది. చోళపురం మగ్గాల దగ్గరికి ఆయన వారానికి నాలుగు రోజులు పోతాడు, ముందునుంచీ ఒంటరిగానే పోతాడు. అద్దం ఎందుకు ఎక్కించాలి? ఎండలో అద్దం దించుకుని మోచెయ్యి బయటపెట్టి తోలే మనిషి. ఇంకో సంగతి, ఏడాదిగా నన్ను జీపు ఎక్కనివ్వడం లేదు. గుడికి పోదామంటే షేర్ ఆటో. మంసాపురంలో మా అన్న గోపాలసామి ఇంటికి పోదామంటే బస్సు. ఎందుకంటే, స్ప్రింగులు పోయాయి శివకామీ, నీ నడుం పట్టేస్తుంది. నా నడుం మీద ఇంత ప్రేమ పెళ్ళయిన ఇరవై తొమ్మిదేళ్ళలో ఎప్పుడూ చూడలేదు. పోనీ బాగు చేయిద్దామంటే వదిలెయ్. బాగైతే నేను ఎక్కుతాను. నేను ఎక్కితే ఆ ఎడమ పక్క కూర్చునేవాళ్ళు ఎక్కడ కూర్చోవాలి?

కొన్న కొత్తలో ఈ జీపులో నన్ను కుట్రాలం జలపాతాలకు తీసుకుపోయాడు. రక్షిత అప్పుడు ఆరేళ్ళది, నా ఒళ్ళో నిద్రపోతోంది. దారి పొడుగునా చినుకులు, ఆయన ఒక చేత్తో తోలుతూ ఇంకో చేత్తో నా తలమీద తువ్వాలు సర్దాడు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే. చూడకుండానే నేనెలా కనపడుతున్నానని అడిగితే, పక్కన ఉన్నదానివి కనపడకపోవడమేంటి అన్నాడు. ఆ మనిషి ఇప్పుడు వంటింటి గుమ్మం దగ్గర నేను నిలబడి ఉంటే నన్ను దాటుకుని పోతాడు, ఒక మాటైనా అనడు. దగ్గరికి పోయి భుజం మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడతాడు. తప్పు చేసినవాడు కాకపోతే సొంత పెళ్ళాం చెయ్యి తగిలితే ఎవడైనా ఉలిక్కిపడతాడా? ఎప్పుడొచ్చావు అంటాడు, నేను అక్కడే పావుగంటగా ఉంటే. అన్నం తింటూ నీళ్ళ గ్లాసు పడేస్తాడు, వారానికి రెండుసార్లు, మనసు ఇక్కడుంటే కదా. మొన్న మా చిన్నమామ కొడుకు వెంకటరామ బజార్లో ఎదురుపడి చెయ్యెత్తితే ఈయన పలకరించకుండా పోయాడంట, మీ ఆయనకు పెద్ద ముతలాళినని, మిల్లు యజమానినని పొగరొచ్చిందా అని వాడు నన్ను అడిగాడు. పొగరు కాదు, భయం. మనుషుల కళ్ళల్లోకి చూడలేని భయం. ఇంక ఫోన్ సంగతి. పొద్దున తొమ్మిదికి ఒకసారి, రాత్రి తొమ్మిదికి ఒకసారి కొంచెం సేపు మోగుతుంది, వెంటనే నొక్కి ఆపేస్తాడు, ఫోన్ జేబులో వేసుకుని పెరట్లోకి పోయి తలుపు చేరవేసుకుంటాడు. అయిదు నిమిషాలకు తిరిగొస్తాడు, కళ్ళు తడిగా, ఎర్రగా. ఏడుస్తాడంటే ఆ బంధం ఎంత లోతుకు పోయిందో చూడండి. ఒక రోజు ఆయన నిద్రపోయాక ఫోన్ తీసి చూశాను. ఆ వేళకు వచ్చిన పిలుపు ఒక్కటీ లేదు. అన్నీ తుడిచేశాడు. ఇంత జాగ్రత్త మా ఆయనకు లేదు, ఎవరో నేర్పించారు.

ఈ సంగతులన్నీ రక్షితకు చెప్తే, అమ్మా నీకు అనుమానం జబ్బు, నాన్నను వదిలెయ్ అని నవ్వింది. దానికి నేనింకా అసలు సాక్ష్యం గురించి చెప్పలేదు. ఇప్పుడు నా చీర కొంగున ముడి వేసి ఉంది, ముడి మీద చెయ్యి వేసి చూసుకున్నాను, ఉంది. రెండు నెలల కింద ఆ సీటు సందులో దొరికింది, నాలుగు మడతలు పెట్టిన చిన్న గాజ్ గుడ్డ, పుండ్ల మీద వేసేది. మా కొట్టు గుడ్డ కాదని పట్టుకోగానే తెలిసింది. అయినా లెన్సు తీసి పోగులు లెక్కబెట్టాను. మాది పలచన, అంగుళానికి నిలువు పందొమ్మిది, అడ్డం పదిహేను. ఇది ఒత్తు నేత, ఇరవై ఎనిమిది, మా వైపు ఎవరూ నెయ్యరు, పెద్ద ఆస్పత్రులకే పోతుంది. అంటే ఆస్పత్రిలో పనిచేసే మనిషి. నర్సు. పోనీ అనుకుందామంటే గుడ్డ నడుమ పసుపు మరక. పసుపు రాసుకుని ముఖం కడుక్కునే మనిషి, ఎండకు చెమట పడితే మా జీపులో కూర్చుని, మా ఆయన ఎదురుగా ముఖం తుడుచుకుంది. నేను ఆమెకు ఒక రూపం కూడా కట్టేశాను. ముప్పై అయిదు, ముప్పై ఆరు ఉంటాయి. పలచటి మనిషి కాదు, పట్టా విరిగిందంటే పలచటి మనిషి ఎలా అవుతుంది. తక్కువ మాట్లాడుతుంది, ఆయనకు అలాంటివాళ్ళంటే గౌరవం, నేను ఎక్కువ మాట్లాడతానని ఎప్పుడూ అంటాడు. వీధిలో తెల్ల చీర నర్సులు కనపడితే వాళ్ళ చెంపలు చూస్తున్నాను, రెండు నెలలుగా ఇదే పని. సిగ్గుగా ఉంది. అసూయగా ఉంది. రాత్రి ఆయన పక్కన పడుకుని ఆయన ఊపిరి వింటూ, ఇది నాదేనా అని లెక్కపెట్టుకోవడం కంటే ఏదో ఒకటి తెలిసిపోవడమే మేలు. కొట్లో బల్ల కింద సంచి సర్ది పెట్టాను, నాలుగు చీరలు, మాత్రలు, బ్యాంకు పుస్తకం. ఆమె ఇవాళ ఆయనతోబాటు ఆటో దిగితే నేను ఒక్క మాట అనను. నేరుగా మంసాపురం బస్సెక్కుతాను.

అరుళ్ కొత్త పట్టాలకు గ్రీజు రాస్తున్నాడు. లేచి వెళ్ళి లెక్కబెట్టాను, ఎడమకు ఆరు, కుడికి ఆరు. మా ఆయన సంగతి మీ ఇంట్లో అందరికీ తెలుసా అని అడిగాను. ఏంది అక్కా అన్నాడు. ఏం లేదన్నాను. వీడికి తెలుసేమో. మెకానిక్కులకు తెలియనిదేముంటుంది, ఇంట్లో దాచినవన్నీ బండిలో పెట్టుకుంటారు మగవాళ్ళు. ఇంకో మనిషి సాయం పట్టగా కట్టను పైకెత్తి మరలు చేత్తో తిప్పి వదిలేశాడు, షాకులు తగిలించాడు, చక్రాలు వేసి, దిమ్మలు లాగి, నెమ్మదిగా దించాడు. జీపు నేల మీదికి వచ్చి ఒకసారి ఊగి నిలబడింది. వెళ్ళి చెయ్యి పెట్టాను. ఎడమ అయిదు వేళ్ళు, కుడి అయిదు వేళ్ళు. ఎవరూ ఎక్కనప్పుడు ఎంత నిటారుగా ఉందో. అప్పుడే రోడ్డు పక్కన ఆటో ఆగింది.

జీపు ఎడమ పక్క, వెనక సీటు తలుపు దగ్గరే నిలబడిపోయాను, దాక్కోవాలనిపించలేదు, నేనెందుకు దాక్కోవాలి. ముందు దిగింది వేల్‌మురుగన్. టౌన్ బస్సు నడిపి రిటైరైన మనిషి, పంచు మార్కెట్టులో, అదే పత్తి బజారులో, టీ కొట్టు బెంచీ మీద పేపరు పట్టుకుని కనపడుతూ ఉంటాడు, ఈయన ఎందుకొచ్చినట్టు? తర్వాత మా ఆయన దిగాడు, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని. ఆటో వెళ్ళిపోయింది. ఇంకెవరూ దిగలేదు. నేను ఆటో పోయిన వైపు ఇంకా చూస్తూనే ఉన్నాను, వెనక వేరే ఆటో వస్తుందేమోనని. అరుళ్ నా వైపు చూడకుండా, అన్నాచ్చీ, దినామూ ఎట్ల కూర్చుంటారో అట్ల కూర్చోండి అన్నాడు. వేల్‌మురుగన్ నేరుగా పోయి తోలే సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు. మా ఆయన నేల చూసుకుంటూ వచ్చాడు, నిలబడి ఉన్న నా మోచేతికి జానెడు దూరంలోకి వచ్చాడు, రేకు మీద చెయ్యి జార్చుకుంటూ పోయి పిడి వెతికి పట్టుకుని, వెనక తలుపు తీసి, ఎడమ మూల ఆ గుంటలో కూర్చున్నాడు. కొలిచి కుట్టినట్టు సరిపోయాడు.

"అరుళూ," అన్నాడు గొంతు తగ్గించి, "పొద్దున మా శివకామి వచ్చినాది కదా. ఎంతసేపాయె పోయి?"

అరుళ్ చేతిలో స్పానర్ అలాగే ఆగింది. ఆయన్ని చూశాడు, నన్ను చూశాడు. నేను తెరిచిన తలుపు పక్కనే ఉన్నాను, ఆయన ఎడమ భుజానికి చెయ్యి చాస్తే అందుతాను. చెయ్యెత్తి ఆయన చెవి పక్కన గాలిలో అటూ ఇటూ ఆడించాను. ఆయన ముందు సీటు వీపు చూస్తూ జవాబు కోసం ఎదురుచూస్తున్నాడు. వంటింటి గుమ్మం. నీళ్ళ గ్లాసు. వెంకటరామ ఎత్తిన చెయ్యి. పావుగంటగా పక్కన నిలబడిన నేను. ఫోన్‌లో వచ్చిన పిలుపులు వెతికాను గానీ, రోజుకు రెండుసార్లు ఒకే వేళకు మోగేది అలారం కూడా కావచ్చని నాకు తోచలేదు.

"నేను ఈడనే ఉండాను," అన్నాను.

ఆయన ఉలిక్కిపడ్డాడు. తల ఒక్కటే కాదు, నడుం దగ్గర్నుంచి మనిషి మొత్తం తిరిగాడు, అద్దాలు తీశాడు, నేను ఎదురుగా వచ్చేదాకా తిరిగాడు. నేను జీపు చుట్టూ తిరిగి పోయి కుడి పక్క తలుపు తీసి ఎక్కి కూర్చున్నాను. సీటు గట్టిగా ఉంది. కొంగు ముడి విప్పడానికి చాలాసేపు పట్టింది. గుడ్డ తీసి ఆయన ముఖానికి తిన్నగా పట్టి, ఇది ఎవరిదని అడిగాను.

"నాదే. మదురైలో కంటి ఆస్పత్రిలో ఇచ్చినారు. కంట్లో పసుపు మందు వేసి, లోపల ఎంత ఒత్తిడి ఉండాదో చూస్తారు. కారితే తుడుచుకోమని."

పోగులు లెక్కబెట్టాను. ఎవరి నేతో కనిపెట్టాను. ముప్పై ఏళ్ళుగా ఈ గుడ్డ అమ్ముతున్నదాన్ని, ఎవరి గుడ్డ అని చూశాను గానీ ఎందుకు తుడిచిన గుడ్డ అని చూడలేదు. ఆయన ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ఏడాది దాటిందంట. పోయిన చూపు తిరిగి రాదంట, ఉన్నదాన్ని పొద్దునా రాత్రీ వేసే చుక్కల మందుతో నిలుపుకోవాలంట. ఇంటి దగ్గర్నుంచి పంచు మార్కెట్టు దాకా తనే తోలుకొచ్చి, అక్కడ వేల్‌మురుగన్‌కు ఇచ్చి వెనక్కి మారుతాడంట, ముందు కూర్చుంటే ఊళ్ళోవాళ్ళు చూసి నాకు చెప్తారని. ఆ రెండు వీధుల్లో బడికి పోయే పిల్లలు గుర్తొచ్చి నా ఒళ్ళు జలదరించింది. బండికే ఉన్న తాళంచెవిని వేల్‌మురుగన్‌తో తీయించి నా పర్సులో వేసుకున్నాను.

"ఏం కనపడతాది మీకు?"

"తిన్నగా ఉండేది కనపడతాది. పక్కల లేదు. ఎడమ పక్క అసలే లేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

ఆయన గుడ్డను మళ్ళీ నాలుగు మడతలు పెట్టాడు, మోకాలి మీద పరిచి, వేలితో అంచులు తడుముకుంటూ.

"చెప్తే నువ్వు నమ్మవు శివకామీ. కండ్లు కనపడలేదంటే, ఎవుర్ని కలిసేదానికి ఈ వేషమని అడుగుతావు."

వేల్‌మురుగన్ ముందు అద్దంలోంచి రోడ్డు వైపే చూస్తున్నాడు. నాకు చాలా కోపం రావాలి, వచ్చింది కూడా, కానీ దాన్ని ఎవరి మీద పెట్టాలో తెలియలేదు. అవును, అడిగేదాన్ని. సరిగ్గా ఆ మాటే అడిగేదాన్ని. ఇప్పుడు కూడా, ఆ కళ్ళు చూసే డాక్టరు ఆడమనిషా మొగమనిషా అన్న ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చి ఉంది. మింగేశాను. ఈసారి మదురైకి నేనూ వస్తున్నానన్నాను. చూసుకో, మందు సీసాలు నిజమైనవో కాదో కూడా నువ్వే చూసుకో అన్నాడు, అని నవ్వాడు. ఆయన చెయ్యి సీటు మీద నన్ను వెతుక్కుంటూ వచ్చి నా మణికట్టు దగ్గర ఆగింది. కింద ఇనుము మీద ఇనుము తగిలిన చప్పుడు, అరుళ్ బండి కిందికి దూరాడు. మా కాళ్ళ కిందనుంచి అతని గొంతు వినపడింది.

"అక్కా, ఇంకమీదట దినామూ ఇట్లనే కూర్చుంటారా? చెప్పండి, ఈ బరువుకే బిగించేస్తాను."

ఆయన మళ్ళీ మనిషి మొత్తం తిరిగాడు, నేను ఆయన చూపులో పడేదాకా.

"ఇట్లనే," అన్నాను. "బిగించు."